వైర్‌లెస్ లాంచ్ కంట్రోలర్ తయారీ: రేడియో కన్నా ముందు ప్యాడ్ పెట్టె సంగతి

గగనపథం

అందరికీ నమస్కారం. ఇప్పటిదాకా చిన్న మోటార్లతో, తొమ్మిది మీటర్ల తీగ ఉన్న చేతి కంట్రోలర్‌తో రాకెట్లు ఎగరేస్తున్నాను. ఇక హెచ్, ఐ తరగతి మోటార్లకు వెళ్లాలని ఉంది (ఇంగ్లిష్ అక్షరం ముందుకు వెళ్లే కొద్దీ మోటారు శక్తి పెరుగుతుంది). అమెరికాలోని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమావళి ప్రకారం ఆ మోటార్లకు ప్యాడ్ (రాకెట్‌ను నిలబెట్టి ఎగరేసే చోటు) నుంచి కనీసం 100 అడుగుల దూరంలో ఉండాలి. కె తరగతికి 200, ఎల్‌కు 300, ఎం‌కు 500 అడుగులు. ఒకేసారి అనేక మోటార్లు మండించినా, అంచెల రాకెట్ అయినా దూరం ఇంకా పెరుగుతుంది. అంత తీగ మోసే బదులు వైర్‌లెస్ కంట్రోలర్ చేసుకుందామని అనుకుంటున్నాను.

నా పథకం ఇది. ప్యాడ్ దగ్గర ఒక ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు), ఒక రిలే (విద్యుత్తుతో నడిచే స్విచ్) మాడ్యూల్, రెండింటికీ కలిపి మూడు సెల్‌ల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. బోర్డే వైఫై నెట్‌వర్క్ ఇస్తుంది. ఫోను బ్రౌజర్‌లో పేజీ తెరిచి బటన్ నొక్కితే రిలే మూసుకుంటుంది, ఇగ్నైటర్ (మోటారును అంటించే విద్యుత్ వత్తి) మండుతుంది.

అడగదలచినవి: వైఫై అంత దూరం నమ్మకంగా అందుతుందా? రిలే మంచిదా, మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) మంచిదా? ఇంకేమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

తీగబంధం

గగనపథం గారూ, తీగను వదిలే ముందు ఒక్కసారి లెక్క చూడండి. 18 గేజి రాగి తీగకు మీటరుకు సుమారు 0.021 ఓమ్ నిరోధం ఉంటుంది. 30 మీటర్ల దూరానికి రానూపోనూ 60 మీటర్లు, అంటే 1.26 ఓమ్. 12 వోల్టుల బ్యాటరీ, ఒక ఓమ్ ఇగ్నైటర్ అనుకుంటే ఐదు ఆంపియర్లకు పైగా విద్యుత్తు అందుతుంది. ఇబ్బంది లేదు.

అదే 150 మీటర్లకు తీగ నిరోధమే ఆరు ఓమ్‌లు దాటుతుంది, విద్యుత్తు 1.6 ఆంపియర్లకు పడిపోతుంది. కొన్ని ఇగ్నైటర్లు మండుతాయి, కొన్ని మండవు. కానీ దీనికి వైర్‌లెస్ ఒక్కటే మందు కాదు. బ్యాటరీని, రిలేను ప్యాడ్ దగ్గర పెట్టి, పొడవాటి తీగ గుండా రిలే కాయిల్‌కు కావలసిన విద్యుత్తు మాత్రమే పంపవచ్చు. కార్లలో వాడే 12 వోల్టుల రిలే కాయిల్‌కు 150 మిల్లీఆంపియర్ల లోపే చాలు. సన్నని తీగ సరిపోతుంది. ప్రోగ్రాం లేదు, రేడియో లేదు, చెడిపోవడానికి ఉన్న భాగాలే తక్కువ. నేను ఇప్పటికీ ఇదే వాడుతున్నాను.

గగనపథం

తీగబంధం గారూ, మీ లెక్క చాలా ఉపయోగపడింది. అయినా మా బృందంలో ఒకేసారి నాలుగైదు ప్యాడ్‌లు నడుస్తాయి. తీగలు పరచడం, మళ్లీ చుట్టడం, నడిచేవారు కాలు తట్టుకుని పడటం, మధ్యలో తెగిన చోటు వెతకడం: ప్రయోగ దినంలో సగం శ్రమ వీటికే పోతోంది. అందుకే వైర్‌లెస్ వైపే మొగ్గు.

రేడియోతరంగం

దూరం ప్రశ్నకు నేను చెబుతాను.

150 మీటర్లు, మధ్యలో అడ్డు లేదు అనుకుందాం. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద దారిలో సంకేతం బలం తగ్గేది సుమారు 84 డెసిబెల్స్. 433 మెగాహెర్ట్జ్ వద్ద 69. ఈ 15 డెసిబెల్స్ తేడా ఏ దూరానికైనా అంతే ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ పనికిరాదని కాదు, 150 మీటర్లకు పనిచేస్తుంది. కానీ అక్కడ చేరిన ప్రతివారి జేబులోనూ అదే బ్యాండులో మాట్లాడే ఫోను ఉంటుంది. పైగా మనిషి శరీరం ఆ తరంగాలను బాగా పీల్చుకుంటుంది. చేతిపెట్టె పట్టుకున్నవారు ప్యాడ్ వైపు వీపు తిప్పినా తేడా తెలుస్తుంది.

ఒక గిగాహెర్ట్జ్ లోపల ఉన్న బ్యాండు ఎంచుకోండి. లైసెన్సు లేకుండా వాడుకోగల బ్యాండు అన్ని దేశాల్లో ఒకటి కాదు. ఐరోపాలో 433, 868 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్నాయి, అమెరికాలో 902 నుంచి 928, భారత్‌లో 865 నుంచి. మాడ్యూల్ కొనే ముందు మీ దేశపు నిబంధన చూసుకోవాలి. ఇంకెక్కడి నుంచో తెప్పించిన మాడ్యూల్ మీ దగ్గర చట్టవిరుద్ధం కావచ్చు.

ఇక యాంటెన్నా. చాలామంది మాడ్యూల్ ఎంపికకు వారాలు పెట్టి, చివరికి ప్యాడ్ పెట్టెను గడ్డిలో పెడతారు. 150 మీటర్ల దారికి 433 మెగాహెర్ట్జ్ వద్ద తరంగం పరచుకునే ఫ్రెనెల్ మండలం నడిమధ్యన ఐదు మీటర్ల వ్యాసార్థం ఉంటుంది. అంత ఎత్తు ఎవరూ ఎత్తలేరు కానీ, నేల మీద ఉన్నదాన్ని మనిషి ఎత్తుకు లేపినా గొప్ప మార్పు వస్తుంది. పావు తరంగ యాంటెన్నా 433కు 17 సెంటీమీటర్లు, 868కు 8.6 సెంటీమీటర్లు. నిలువుగా పెట్టండి, రెండు వైపులా నిలువుగానే. లాంచ్ రాడ్ (రాకెట్‌ను నిలిపే కడ్డీ), ఉక్కు బ్లాస్ట్ ప్లేట్ (మంటను అడ్డే పలక) పక్కనే బిగించకండి.

యాంటెన్నా లేకుండా ప్రసారం చేయిస్తే చిప్‌లోని పవర్ యాంప్లిఫయర్ దెబ్బతినవచ్చు. బల్ల మీద పరీక్షించేటప్పుడు కూడా యాంటెన్నా ఉండాలి.

నిప్పుకణిక

గగనపథం గారూ, మీ మూడు ప్రశ్నల్లో చివరిదాన్ని నేను ముందుకు తెస్తాను. రేడియో ఏదైనా సరే, ఒకరోజు అది పనిచేయదు. పనిచేయకపోతే రాకెట్ ఎగరదు, అంతే. ఎవరికీ ఏమీ కాదు. కానీ ప్యాడ్ పెట్టె ఒకరోజు తప్పుగా పనిచేస్తే, ఆ సమయానికి ఎవరో ఒకరు మోకాళ్ల మీద కూర్చుని ఇగ్నైటర్‌కు క్లిప్పులు తగిలిస్తూ ఉండవచ్చు. అందుకే నేను ఏ డిజైన్ చూసినా మొదట అడిగేది ఒకటే: క్లిప్పులు తగిలించే క్షణంలో బ్యాటరీకీ ఇగ్నైటర్‌కూ మధ్య, సాఫ్ట్‌వేర్ చేయి వేయలేని ఖాళీ ఉందా?

మీ పథకంలో అది లేదు. బ్యాటరీ, ఒక రిలే, ఇగ్నైటర్. ఆ ఒక్క రిలేను ఆపుతున్నది ప్రోగ్రాం మాత్రమే.

ఆ ఒక్క రిలే ఎన్ని రకాలుగా మోసం చేయగలదో చూడండి. మూడు సెల్‌ల లిపో, 2200 మిల్లీఆంపియర్ అవర్, 25సీ (సామర్థ్యానికి 25 రెట్లు) అని రాసి ఉన్నది 55 ఆంపియర్లు ఇవ్వగలదు. ఇగ్నైటర్ మండిన తరువాత దాని తీగల కొసలు ఒకదానికొకటి తగులుతాయి, లేదా క్లిప్పులు బ్లాస్ట్ ప్లేట్ మీద పడతాయి. అప్పుడు పూర్తి షార్ట్. మాడ్యూల్ మీద ఉండే చిన్న రిలే సాధారణంగా పది ఆంపియర్లది. కాంటాక్టులు అతుక్కుపోతాయి. రాకెట్ చక్కగా ఎగిరింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తరువాతి రాకెట్‌కు క్లిప్పు తగిలించగానే మోటారు మండుతుంది.

రెండోది, ఆ రిలే మాడ్యూళ్లలో చాలావరకు ఇన్‌పుట్ సున్నా అయితే ఆన్ అయ్యే రకం. బోర్డు మేలుకునేటప్పుడు పిన్ ఏ స్థితిలో ఉంటుందో దాన్ని బట్టి రిలే ఒక్కసారి టక్కుమనవచ్చు. ఈఎస్‌పీ32లో 0, 2, 5, 12, 15 పిన్‌లు బూట్ సమయంలో వేరే పని మీద ఉంటాయి. వాటిని ఫైరింగ్‌కు అసలు వాడకూడదు.

మూడోది, మీరు బోర్డుకు, ఇగ్నైటర్‌కు ఒకే బ్యాటరీ పెట్టారు. ఇగ్నైటర్ విద్యుత్తు లాగగానే వోల్టేజి కుంగి బోర్డు రీసెట్ అవుతుంది. మళ్లీ మేలుకుంటుంది, మళ్లీ రెండో సమస్య.

నేను చేసే పద్ధతి చెబుతాను. ఇగ్నిషన్ బ్యాటరీ వేరు, బోర్డు బ్యాటరీ వేరు. ఇగ్నిషన్ దారిలో మొదట ఫ్యూజు, ఆ తరువాత చేత్తో పెట్టి తీసే ప్లగ్గు. స్విచ్ కూడా పనికొస్తుంది కానీ ప్లగ్గు నాకు ఇష్టం: అది నా చేతిలో ఉంటే సర్క్యూట్‌లో లేదని చూపుతోనే తెలుస్తుంది. ఆ తరువాత రెండు రిలేలు సిరీస్‌లో, ఒకటి ధన వైపు, ఒకటి రుణ వైపు, వేరువేరు పిన్‌లతో. రెండూ మూసుకుంటేనే విద్యుత్తు. ఒకటి అతుక్కుపోయినా రెండోది ఆపుతుంది. ఏదైనా అతుక్కుపోయిందేమో ప్రతిసారీ ఆర్మ్ చేసే (మండించడానికి సిద్ధం చేసే) ముందు బోర్డే కొలిచి, తేడా ఉంటే ఎర్రదీపం వెలిగించి మొండికేయాలి. రిలేకు కాంటాక్టుల వైపు మూడు కాళ్లు ఉంటాయి కదా, ఖాళీగా ఉన్నప్పుడు ఇగ్నైటర్ రెండు తీగలూ ఒకదానితో ఒకటి షార్ట్ అయ్యేలా ఆ మూడో కాలును వాడుకోండి. అతుక్కుపోయిన రిలే, షార్ట్ కలిసి బ్యాటరీకి దారి ఇవ్వకుండా ముందు కాగితం మీద అన్ని స్థితులూ గీసి చూసుకోవాలి.

క్లిప్పుల మీద సమాంతరంగా ఒక చిన్న బల్బు శాశ్వతంగా ఉండాలి. ప్లగ్గు పెట్టి చూస్తారు, బల్బు వెలగలేదు, ప్లగ్గు తీస్తారు, అప్పుడు ఇగ్నైటర్ తగిలిస్తారు. ఈ వరుస మారకూడదు.

పెట్టె నుంచి క్లిప్పుల వరకు కనీసం ఐదు మీటర్ల తీగ ఉంచండి. ప్లగ్గు పెట్టే మనిషి రాకెట్ పక్కన నిలబడి పెట్టకూడదు.

ఇది అభిరుచి రాకెట్లకు మరీ ఎక్కువ అని ఎవరైనా అంటే, 2003 ఆగస్టు 22న బ్రెజిల్‌లోని అల్కాంటరా కేంద్రంలో జరిగింది గుర్తు చేస్తాను. వీఎల్ఎస్-1 రాకెట్ మొదటి అంచెలోని నాలుగు మోటార్లలో ఒకటి ప్రయోగానికి రోజుల ముందే ప్యాడ్ మీద మండింది. 21 మంది చనిపోయారు. ఇగ్నైటర్ దారిలోకి అనుకోకుండా చేరిన విద్యుత్తు మీదనే దర్యాప్తు అనుమానం వ్యక్తం చేసింది. మన మోటార్లు చిన్నవి, కానీ ఇగ్నైటర్‌కు ఆ తేడా తెలియదు.

తొలిమెట్టు

చదువుతుంటేనే భయం వేసింది, చాలా కృతజ్ఞతలు. ఒక సందేహం. రిలే బదులు మాస్‌ఫెట్ వాడితే అతుక్కుపోయే సమస్యే ఉండదు కదా?

నిప్పుకణిక

మాస్‌ఫెట్ చెడితే ఎక్కువసార్లు షార్ట్‌గానే చెడుతుంది. అంటే ఫలితం అదే, చప్పుడు కూడా వినబడదు. గేట్‌కు (మాస్‌ఫెట్‌ను నడిపే కాలుకు), గ్రౌండ్‌కు మధ్య పది కిలోఓమ్‌ల నిరోధం తప్పనిసరి, లేకపోతే బోర్డు మేలుకునేలోగా గేట్ ఎటూ కాకుండా తేలుతూ ఉంటుంది. ఇంకొకటి: ఐఆర్ఎఫ్‌జడ్44ఎన్ వంటివి గేట్ మీద పది వోల్టులు ఉంటేనే పూర్తిగా తెరుచుకుంటాయి. 3.3 వోల్టుల బోర్డుతో నేరుగా నడిపితే సగం తెరుచుకుని వేడెక్కుతాయి. ఐఆర్ఎల్‌జడ్44ఎన్‌కు కూడా తయారీదారు హామీ నాలుగు వోల్టుల నుంచే మొదలవుతుంది. మధ్యలో గేట్‌కు చాలినంత వోల్టేజి ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ పెట్టాలి.

నాకు నచ్చిన కలయిక: ఆర్మ్ చేయడానికి రిలే, మండించడానికి మాస్‌ఫెట్. రెండూ వేరు జాతులు కాబట్టి ఒకే కారణంతో రెండూ ఒకేసారి చెడవు. విద్యుత్తు పారేటప్పుడు కలపడం, విడదీయడం మాస్‌ఫెట్ చేస్తుంది కాబట్టి రిలే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వే ఉండదు. రిలే కాయిల్ మీద డయోడు మరచిపోకండి.

తీగబంధం

> ఆర్మ్ చేయడానికి రిలే, మండించడానికి మాస్‌ఫెట్

దీనితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా తీగ పద్ధతిలో కూడా ప్లగ్గు, బల్బు రెండూ ఉన్నాయి. వైర్‌లెస్ అయినా తీగ అయినా ప్యాడ్ దగ్గర మారేది ఏమీ లేదన్నమాట.

మైదానపాలకుడు

బృందం తరఫున ప్రయోగ భద్రత చూసే బాధ్యత నాది. ఫోను బటన్ గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను: మా మైదానంలో ఫోను తెర మీది బటన్‌తో ప్రయోగాన్ని నేను అనుమతించను.

నియమావళిలో రెండు మాటలు స్పష్టంగా ఉన్నాయి. లాంచ్ స్విచ్‌తో సిరీస్‌లో భద్రతా తాళం ఉండాలి. స్విచ్ వదలగానే ఆఫ్ స్థితికి తిరిగి రావాలి. గాజు తెర ఈ రెండిటిలో ఏదీ ఇవ్వదు. ఫోను జేబులో పెట్టినా తెర స్పందించవచ్చు, ఎవరో ఫోన్ చేస్తే పేజీ మూసుకుపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, నేను ఆకాశంలో విమానం చూసి "ఆపండి" అని అరిచినప్పుడు బటన్ మీది బొటనవేలు ఎత్తితే చాలు, అంతా ఆగాలి.

తీసే తాళంచెవి ఉన్న స్విచ్, స్ప్రింగు ఉన్న బటన్, రెండూ ఉన్న చేతిపెట్టె చేయండి. ప్యాడ్ దగ్గరికి వెళ్లే మనిషి ఆ తాళంచెవిని తన జేబులో వేసుకుని వెళ్లాలి. వెనక్కి వచ్చాకే అది పెట్టెలోకి. మండించగల ఏకైక వస్తువు, ప్రమాదం అనుభవించగల ఏకైక మనిషి దగ్గరే ఉండటం నాకు తెలిసిన అన్ని నియమాల్లోకీ గట్టిది.

సంకేతలిపి

ఫోను పేజీలో కంటికి కనబడని మరో ప్రమాదం ఉంది. బ్రౌజర్ టీసీపీ మీద నడుస్తుంది. టీసీపీ అంటే రిజిస్టర్డ్ ఉత్తరం: చిరునామాదారుడు దొరికేదాకా మళ్లీమళ్లీ తీసుకెళుతుంది. మీరు బటన్ నొక్కారు, సంకేతం అందలేదు, రాకెట్ ఎగరలేదు. ఏమైందో చూద్దామని ప్యాడ్ వైపు నడిచారు. దగ్గరికి వెళ్లేసరికి వైఫై మళ్లీ అందింది. లైనులో నిలిచి ఉన్న ఆ పాత ఆదేశం అప్పుడు చేరుతుంది.

లాంచ్ ఆదేశం ఎప్పటికైనా చేరడం మంచి గుణం కాదు. వెంటనే చేరాలి, లేదా చచ్చిపోవాలి. అందుకే ఏ రేడియో వాడినా తిరిగి పంపే వరుసలు, బఫర్లు ఫైర్ ఆదేశం దారిలో ఉండకూడదు. బటన్ నొక్కి ఉన్నంతసేపూ చేతిపెట్టె సెకనులో పదో వంతుకొక తాజా ప్యాకెట్ పంపుతూ ఉండాలి. ప్యాడ్ పెట్టె తాజా ప్యాకెట్లు వస్తున్నంతసేపే విద్యుత్తు ఇవ్వాలి. 300 మిల్లీసెకన్లు నిశ్శబ్దం వస్తే కట్ చేయాలి. ప్యాకెట్లు ఎన్ని వచ్చినా గరిష్ఠంగా ఐదు సెకన్లకు మించి ఇవ్వకూడదు.

రేడియోతరంగం

సంకేతలిపి గారు చెప్పినది లోరా (దూరం కోసం నెమ్మదిగా పంపే రేడియో పద్ధతి) వాడేవారు రెండుసార్లు చదవాలి. "దూరం ఎక్కువ" అని చాలామంది స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (పెంచితే దూరం పెరిగి వేగం తగ్గే అమరిక) 12 పెడతారు. 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో 20 బైట్ల ప్యాకెట్ గాలిలో ఉండే సమయం 1.3 సెకన్లు! బటన్ వదిలాక కూడా సెకనుకు పైగా పాత ఆదేశం గాలిలోనే ఉంటుంది. మైదానపాలకుడు గారు కోరిన బొటనవేలి నియమం అక్కడే చచ్చిపోయింది.

ఫ్యాక్టర్ 7తో అదే ప్యాకెట్ 57 మిల్లీసెకన్లు. సున్నితత్వం తగ్గుతుందని భయం వద్దు. ఎస్ఎక్స్1276 అనే లోరా చిప్ ఆ స్థితిలో కూడా సుమారు మైనస్ 123 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన సంకేత బలం) వరకు వినగలదు. 25 మిల్లీవాట్లతో పంపితే 150 మీటర్ల వద్ద చేరేది దాదాపు మైనస్ 55. మధ్యలో అరవై డెసిబెల్స్‌కు పైగా మిగులు. గడ్డి, మనుషులు, వంగిన యాంటెన్నా అన్నీ అందులో ఇమిడిపోతాయి.

ఐరోపాలో ఉన్నవారికి మరో చిక్కు. 868.0 నుంచి 868.6 మెగాహెర్ట్జ్ భాగంలో గంటలో ఒక శాతం సమయం, అంటే 36 సెకన్లు మాత్రమే ప్రసారం చేయవచ్చు. అరసెకనుకొకసారి 57 మిల్లీసెకన్ల హార్ట్‌బీట్ (సంబంధం ఉందని తెలిపే ప్యాకెట్) పంపితే 11 శాతం దాటుతుంది. లోరా పట్టుదల వదిలి అదే చిప్‌ను ఎఫ్ఎస్‌కే (ఫ్రీక్వెన్సీ మార్చి బిట్లు పంపే) పద్ధతిలో 50 కిలోబిట్ల వేగంతో నడిపితే ప్యాకెట్ ఐదు మిల్లీసెకన్ల లోపు ముగుస్తుంది, లెక్క ఒక శాతం లోపల పడుతుంది. మన దూరాలకు ఎఫ్ఎస్‌కే నిక్షేపంగా చాలు. లోరా పేరు మీద ఉన్న మోజు వల్ల దీన్ని ఎవరూ ప్రయత్నించడం లేదు, అది నాకు బాధగా ఉంటుంది.

తొలిమెట్టు

గేటు తలుపులకు వాడే 433 మెగాహెర్ట్జ్ రిమోట్, దాని రిలే బోర్డు సిద్ధంగానే దొరుకుతాయి కదా. ప్యాడ్ దగ్గర ప్లగ్గు ఉంటే అది వాడుకోవచ్చా?

సంకేతలిపి

వద్దండి. పీటీ2262 చిప్ ఉన్న రిమోట్‌లలో ఎనిమిది చిరునామా కాళ్లు, ఒక్కోదానికి మూడు స్థితులు: మొత్తం 6561 చిరునామాలు. ఈవీ1527లో 20 బిట్లు, పది లక్షలకు పైగా. సంఖ్య పెద్దదే కానీ రెండిటిలోనూ సంకేతం ఎప్పుడూ మారదు. ఎవరైనా ఒకసారి వింటే అదే తిరిగి పంపగలరు. కావాలని చేయకపోయినా, అదే బ్యాండులో వందలాది పరికరాలు ఒకే తరహా మాటలు మాట్లాడుతుంటాయి. పైగా అది ఒకవైపు రేడియో. ప్యాడ్ పెట్టె ఆర్మ్ అయిందో లేదో, ఇగ్నైటర్ తగిలి ఉందో లేదో మీకు తిరిగి చెప్పదు.

సరైన పద్ధతి పెద్ద కష్టం కాదు. ప్లగ్గు పెట్టి ఆర్మ్ చేసిన ప్రతిసారీ ప్యాడ్ పెట్టె ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్య పుట్టించి చేతిపెట్టెకు పంపుతుంది. చేతిపెట్టె ప్రతి ఆదేశంలో ఆ సంఖ్యను, పెరుగుతూ పోయే వరుస సంఖ్యను చేర్చి, రెండు పెట్టెలకే తెలిసిన రహస్య కీతో ఏఈఎస్-సీమ్యాక్ ముద్ర (పంపినది ఎవరో రుజువు చేసే గుర్తు) వేస్తుంది. ముద్ర సరిపోకపోతే, సంఖ్య పాతదైతే ప్యాకెట్ చెత్తలోకి. రీసెట్ అయితే సంఖ్య మారుతుంది, పాతవన్నీ చెల్లవు. రాకెట్ ఎలక్ట్రానిక్స్ చేసే ఆల్టస్ మెట్రమ్ వారి ఆల్టోస్ సాఫ్ట్‌వేర్ బహిరంగంగా అందుబాటులో ఉంది. సీమ్యాక్ ముద్రను రేడియో ఆదేశాలకు ఎలా జోడించాలో అందులో చదివి నేర్చుకోవచ్చు. హ్యామ్ (అభిరుచి రేడియోవారి) బ్యాండులో సందేశాన్ని రహస్య లిపిలో దాచడం కుదరదు. ముద్రలో సందేశం బాహాటంగానే ఉంటుంది, పంపినది ఎవరో మాత్రమే రుజువవుతుంది.

ఒక చిన్న మెలిక. ఈఎస్‌పీ32లో యాదృచ్ఛిక సంఖ్యల యంత్రం వైఫై లేదా బ్లూటూత్ నడుస్తున్నప్పుడే నిజమైన యాదృచ్ఛికత ఇస్తుందని తయారీదారు పత్రాలే చెబుతున్నాయి. మీరు బయటి రేడియో మాడ్యూల్ వాడి వైఫై ఆపేస్తే, ఆ యంత్రానికి వేరే ఆధారం ఇవ్వాలి.

తీగబంధం

సంకేతలిపి గారూ, మీ జ్ఞానం మీద గౌరవంతోనే ఒక మాట. ముద్రలు, సంఖ్యలు, వరుసలు పెరిగే కొద్దీ ప్రోగ్రాంలో తప్పు దాక్కునే చోట్లు కూడా పెరుగుతాయి. మొదటిసారి చేసేవారు ఇంత రాసి, అంతా భద్రం అనుకుని ప్లగ్గు విషయంలో అలక్ష్యం చేస్తే? నా దృష్టిలో ప్రాణం కాపాడేది ప్లగ్గు. ముద్ర కాదు.

సంకేతలిపి

ప్లగ్గు ముందు అన్నది నాకూ సమ్మతమే. కానీ ప్లగ్గు పెట్టిన తరువాత, ఆ మనిషి వెనక్కి నడుస్తున్న ఒకటిన్నర నిమిషం సంగతి? అప్పుడు ఖాళీ లేదు, బ్యాటరీకి ఇగ్నైటర్‌కు మధ్య రిలే, మాస్‌ఫెట్ మాత్రమే ఉన్నాయి, వాటిని ఆపుతున్నది ప్రోగ్రామే. ఆ నడకను కాపాడేది ముద్ర.

నిప్పుకణిక

ఆ నడక కోసం నేను మరొకటి చేస్తాను. ప్లగ్గు పెట్టిన తరువాత తొంభై సెకన్ల దాకా రిలేకు విద్యుత్తే అందకుండా ఒక విడి టైమర్ చిప్. బోర్డు పిన్‌లకు దానితో సంబంధం లేదు. ఆ సమయమంతా బజర్ మోగుతూ ఉంటుంది, గడువు ముగిశాక మోత వేగం మారుతుంది. తీగబంధం గారి భయానికీ సంకేతలిపి గారి భయానికీ ఇది సమాధానమే.

తీగబంధం

అది బాగుంది. నా తీగ పెట్టెకు కూడా చేర్చుకుంటాను.

గగనపథం

చాలా నేర్చుకుంటున్నాను. కంటిన్యుటీ పరీక్ష (ఇగ్నైటర్ సర్క్యూట్ తెగకుండా ఉందో లేదో చూడటం) గురించి కూడా చెప్పండి. ఇగ్నైటర్ గుండా కొద్దిగా విద్యుత్తు పంపి చూడటం ప్రమాదం కాదా?

నిప్పుకణిక

ఎంత "కొద్దిగా" అన్నదే ప్రశ్న. పాత కంట్రోలర్లలో కంటిన్యుటీకి చిన్న బల్బు ఉండేది. తుపాకిమందు (బ్లాక్ పౌడర్) మోటార్ల ఇగ్నైటర్లకు రెండు ఆంపియర్ల దాకా కావాలి కాబట్టి ఆ బల్బు గుండా పోయేది వాటిని కదిలించేది కాదు. క్వెస్ట్ క్యూ2జీ2 వంటి సున్నితమైన ఇగ్నైటర్లు వచ్చాక ఆ బల్బు విద్యుత్తుకే మండే పరిస్థితి వచ్చింది. పరీక్ష బటన్ నొక్కితే ప్రయోగం జరిగిపోతుంది. ఈ-మ్యాచ్‌లు (విద్యుత్తుతో మండే అగ్గిపుల్లల వంటివి) కూడా అర ఆంపియర్ నుంచి ఒక ఆంపియర్‌లోపే మండుతాయి.

కాబట్టి ఎల్ఈడీతో, నిరోధంతో పది మిల్లీఆంపియర్ల లోపు ఉంచండి. ఆ నిరోధం ఒక్కటి షార్ట్ అయినా ప్రమాదం లేకుండా రెండు నిరోధాలు సిరీస్‌లో పెట్టండి. కంటిన్యుటీ పరీక్ష కూడా ప్లగ్గు పెట్టాకే జరగాలి, మనుషులు దూరంగా ఉన్నప్పుడే. ఫలితం రేడియో ద్వారా చేతిపెట్టె మీద కనబడాలి. ఇక్కడే రెండువైపుల రేడియో విలువ తెలుస్తుంది.

క్లిప్పులు తగిలించేదాకా ఇగ్నైటర్ తీగల కొసలు ఒకదానితో ఒకటి మెలిపెట్టి ఉంచడం మరవద్దు.

తొలిమెట్టు

నాలుగు ప్యాడ్‌లు ఉంటే ఒకే చేతిపెట్టెతో నడపవచ్చా?

మైదానపాలకుడు

నడపవచ్చు, మేం నడుపుతున్నాం. కానీ అందరూ భయపడే రేడియో గందరగోళం కన్నా మనుషుల గందరగోళమే ఎక్కువ చూశాను. "మూడో ప్యాడ్" అంటే ఎడమ నుంచి మూడోదా, కుడి నుంచా? ప్రతి పెట్టె మీద, ప్రతి ప్యాడ్ మీద పెద్ద అంకె, దానికో రంగు. చేతిపెట్టె మీద ఎంపిక చేసే స్విచ్ తిప్పగానే, ఆ ప్యాడ్ దగ్గర పెద్ద దీపం మిణుకుమనాలి. కౌంట్‌డౌన్ మొదలుపెట్టే ముందు ఆ దీపం సరైన రాకెట్ పక్కన వెలుగుతోందా అని నా కళ్లతో చూస్తాను. ఒకేసారి ఒక్క ప్యాడ్ మాత్రమే ఆర్మ్ అయి ఉండాలి. పందెం కోసం రెండు రాకెట్లు కలిపి ఎగరేయాలంటే అది వేరే అనుమతి.

రాకెట్ మండకపోతే: తాళంచెవి తీయాలి, చివరి ప్రయత్నం నుంచి 60 సెకన్లు ఆగాలి, ఆ తరువాతే ఎవరైనా కదలాలి. ఇది నియమావళిలో ఉన్నదే. వైర్‌లెస్‌కు నేను ఒకటి కలుపుతాను. చేతిపెట్టె తెర మీద "డిజార్మ్ అయింది" అని కనబడితే అది ప్యాడ్ పెట్టె చివరిసారి చెప్పిన మాట మాత్రమే, ఇప్పటి నిజం కాకపోవచ్చు. అందుకే ప్యాడ్ దగ్గరికి వెళ్లేవారు ముందు ప్లగ్గు ఉన్న పెట్టె దగ్గరికే వెళ్లాలి, ప్లగ్గు తీసి చేత్తో పట్టుకున్నాకే రాకెట్ వైపు అడుగు వేయాలి.

గగనపథం

అందరి సలహాలతో పథకం మొత్తం మార్చాను. ఫోను పేజీ పోయింది. తాళంచెవి, స్ప్రింగు బటన్ ఉన్న చేతిపెట్టె వచ్చింది. రెండు వైపులా ఒక గిగాహెర్ట్జ్ లోపలి మాడ్యూల్, ఎఫ్ఎస్‌కే. ఇగ్నిషన్‌కు విడి బ్యాటరీ, ఫ్యూజు, ప్లగ్గు, విడి టైమర్, రిలే, మాస్‌ఫెట్, క్లిప్పుల మీద బల్బు. 300 మిల్లీసెకన్ల కట్. సీమ్యాక్ ముద్ర రెండో దశలో చేరుస్తాను, అప్పటిదాకా మా మైదానంలో ఒంటరిగా, చిన్న మోటార్లతోనే.

ఇగ్నైటర్ పెట్టకముందు ఏయే పరీక్షలు చేయాలి?

సంకేతలిపి

ముద్ర మొదటి దశలోనే చేర్చండి. తరువాత చేర్చడం అంటే పరీక్షలన్నీ మళ్లీ చేయడం.

రేడియోతరంగం

ఇగ్నైటర్ బదులు కారు బల్బు తగిలించి ఇవి చేయండి. బటన్ నొక్కి ఉండగా చేతిపెట్టె బ్యాటరీ లాగేయండి. బల్బు ఎంతసేపట్లో ఆరిందో కొలవండి. చేతిపెట్టె పట్టుకుని, అసలు ప్రయోగానికి నిలబడే దూరానికి రెండింతల దూరం వెళ్లి చూడండి. అదే ఫ్రీక్వెన్సీలో మరో మాడ్యూల్‌తో ఆగకుండా ప్రసారం చేయించండి: బల్బు వెలగకపోవడం సరైన ఫలితం, తనంతట తాను వెలగడం కాదు.

నిప్పుకణిక

బోర్డు బ్యాటరీని పదేపదే తీసి పెట్టండి, నెమ్మదిగా వోల్టేజి తగ్గించి కూడా చూడండి. రీసెట్ మీట నొక్కండి. బోర్డులో ప్రోగ్రాం చెరిపేసి ఖాళీ బోర్డుతో ప్లగ్గు పెట్టి చూడండి. ప్రోగ్రాం లేని బోర్డుతో కూడా బల్బు వెలగకూడదు. క్లిప్పులను షార్ట్ చేసి మండించి, ఫ్యూజు పోయిందో మాస్‌ఫెట్ పోయిందో చూడండి. ఆ తరువాత రిలే ఇంకా విడిపోతోందా?

గగనపథం

ఖాళీ బోర్డు పరీక్ష ఇప్పుడే చేశాను. గేట్ దగ్గర పది కిలోఓమ్‌ల నిరోధం ఉండగా బల్బు వెలగలేదు. మిగతావి షార్ట్ పరీక్షతో సహా మైదానంలో చేసి, కొలతలు ఇక్కడే పెడతాను.

మైదానపాలకుడు

షార్ట్ పరీక్షకు కళ్లద్దాలు పెట్టుకోండి. లిపో బ్యాటరీని ఇసుక తొట్టిలో ఉంచండి.